సందేహాలు – సమాధానాలు: ‘బరువు తగ్గండమ్మా’ అన్నాక ఏం అడగాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే ఫిర్యాదు. డాక్టరు గారు బరువు తగ్గమన్నారు, నడవమన్నారు, చూసుకుని తినమన్నారు. ఎలాగో మాత్రం చెప్పలేదు. థైరాయిడ్ గురించీ, జుట్టు రాలడం గురించీ వచ్చిన ఉత్తరాలను వచ్చే నెలకి ఉంచి, ఈ నెల చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం, బరువు 74 కిలోలు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. మొన్న పరీక్షలో షుగరు బోర్డర్‌లో ఉందన్నారు. విజయవాడలో పెద్ద డాక్టరుకి చూపిస్తే, ‘బరువు తగ్గాలమ్మా, రోజూ వాకింగ్ చెయ్యండి’ అని అచ్చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టారు. అందులో ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, బ్రోకలీ, ఆలివ్ నూనె ఉన్నాయి. మా ఇంట్లో ఆరుగురికి వండాలి. నాకోసం వేరే పొయ్యి ఎవరు వెలిగిస్తారు? లోపల మూడు నిమిషాలు కూడా లేను. ఏం అడగాలో తోచలేదు.
— గృహిణి, కంకిపాడు

జవాబు: ఓట్స్ మీద, బ్రోకలీ మీద నాకేం కోపం లేదు. కానీ దొండకాయ, బీరకాయ, గోంగూర పేర్లు లేని కాగితం కంకిపాడు వంటింటి కోసం రాసింది కాదు. పప్పుల డబ్బా కింద పరుచుకోండి.

మా డాక్టర్లను వెనకేసుకొస్తున్నాననుకోకండి గానీ ఒక లెక్క చెబుతాను. 67 దేశాల్లో డాక్టరు ఒక్కో రోగితో ఎంతసేపు గడుపుతాడో లెక్కగట్టి 2017లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వేశారు. స్వీడన్‌లో 22.5 నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మనం రెండు నిమిషాల దగ్గర ఉన్నాం. అంటే మూడు నిమిషాలు దొరికినా సగటు కంటే ఎక్కువే! ఈ పరిస్థితి రేపటికి మారదు. కాబట్టి ఆ కాస్త సమయం మీ చేతిలో ఉండేలా ఇంటి దగ్గరే సిద్ధమై వెళ్లండి.

మూడు రోజుల పాటు నోట్లో పడిందల్లా ఒక కాగితం మీద రాయండి. భోజనం, టిఫిన్ అని రాస్తే లాభం లేదు. పొద్దున టీలో ఎన్ని చెంచాల పంచదార వేశారు, పిల్లల ప్లేట్లో మిగిలిన ఇడ్లీ ముక్క ఎవరు తిన్నారు, ఉప్పు చూద్దామని అరచేతిలో వేసుకున్న పులుసు, సీరియల్ వేళ జంతికలు, అన్నీ రాయాలి. ఏ టైముకి తిన్నారో కూడా రాయండి. నేను ఇలా రాసుకు రమ్మన్నవాళ్లలో చాలామంది కాగితాలు మధ్యాహ్నం రెండున్నర దగ్గర ఒకేలా ఉంటాయి. మగవాళ్లు తిన్నారు, పిల్లలు తిన్నారు, అత్తమామలు తిన్నారు. ఈవిడ కూర్చునేసరికి కూర గిన్నె అడుగు కనిపిస్తోంది, పప్పు నీళ్లు మిగిలాయి. అన్నం మాత్రం బోలెడుంది. ఆవకాయ వేసుకుని ఒకసారి, పెరుగు పోసుకుని ఒకసారి కలుపుకున్నారు. రాత్రి తొమ్మిదిన్నరకు మళ్లీ అదే, ఈసారి పారెయ్యడానికి మనసొప్పక.

అలాంటి మనిషితో ‘అన్నం తగ్గించండి’ అంటే ఆమె ఆకలితో ఉంటుంది, నాలుగో రోజు మానేస్తుంది. ఆమెకు తగ్గించాల్సిన అన్నం కంటే ముందు దొరకాల్సిన కూర ఉంది. ఈ సంగతి ఏ రక్తపరీక్షలోనూ కనపడదు. డాక్టరు అడక్కపోతే మీరే చెప్పండి: ‘నేను ఆఖర్న తింటానండీ, నా దాకా కూర రాదు’ అని. సలహా మొత్తం అక్కణ్నించి మారిపోవాలి.

వేరే వంట అక్కర్లేదు. అదే పప్పు కాస్త గట్టిగా వండండి, కూర ఎక్కువ తరగండి, వడ్డించే ముందే మీ వంతు చిన్న గిన్నెలోకి తీసి మూత పెట్టుకోండి. మొహమాటంగా ఉంటే మందు డోసు అనుకోండి, ఇంట్లోవాళ్లకీ అదే చెప్పండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో కొత్త ఆహార సూత్రాలు ఇచ్చింది. రోజుకు రెండు వేల కేలరీల లెక్కన బియ్యం, గోధుమలు, రవ్వ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, అదీ వండకముందు తూకం. పప్పులు 85 గ్రాములు, కూరలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, నూనె 27 గ్రాములు. ఒకరోజు మీ వాటా బియ్యం విడిగా తూచి చూడండి. పొద్దున తిన్న ఇడ్లీ రవ్వ కూడా ఆ 250లోకే వస్తుందని మరిచిపోవద్దు. బరువు తగ్గాల్సిన మీకు ఆ రెండు వేల కేలరీలు కూడా కొంచెం ఎక్కువే. నూనె సంగతికి తూకం అక్కర్లేదు, కిరాణా చీటీ చాలు. ఆరుగురు పెద్దవాళ్ల ఇంటికి నెలకు అయిదు లీటర్లు దాటితే ఎక్కడో వేపుళ్లు, బజ్జీలు పెరిగినట్టు.

ఇక లోపల అడగాల్సినవి. నడుము కొలవమనండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే పొట్ట లోపలి కొవ్వు పెరిగిందని అర్థం; బరువు కంటే నడుమే షుగరు, బీపీల గురించి ముందుగా చెబుతుంది. ఆరు నెలల్లో ఎన్ని కిలోలు తగ్గితే చాలో అడగండి. మీ విషయంలో నా జవాబు నాలుగైదు కిలోలు. యాభై ఆరుకో యాభై ఎనిమిదికో రావాలని ఎవరైనా అంటే భయపడకండి, అది ఇప్పటి సంగతి కాదు. బరువు తగ్గుతుంటే బీపీ మాత్ర డోసు మార్చాలా, మళ్లీ ఎప్పుడు రావాలి, ఈ రెండూ అడక్కుండా లేవద్దు.

ఇంకొక్క మాట. చెన్నైలో డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం మీలాంటి బోర్డర్ షుగరు వాళ్లకు తిండి, నడక గురించి విడవకుండా సలహా ఇస్తూ వచ్చింది. షుగరు వ్యాధిగా మారడం 28.5 శాతం తగ్గిందని 2006లో ప్రకటించారు. వాళ్ల బరువు పెద్దగా తగ్గలేదు! తూకం ముల్లు కదల్లేదని మీరు మూడో నెలలో వదిలేస్తారేమోనని ఇది చెబుతున్నాను.

ప్రశ్న: మాది మోపిదేవి దగ్గర పల్లె. కూలి పనికి పోతాను. ఆయాసం, కాళ్ల పీకులని ఆసుపత్రికి పోతే రక్తం తక్కువుంది, రోజూ అరగంట నడవమన్నారు. పొద్దుగూకేదాకా వంగి నాటేసేదాన్ని మళ్లీ నడవాలా? మా అమ్మాయితో రాయిస్తున్నాను.

జవాబు: అక్కర్లేదమ్మా. పొలంలో చేసే పని కూడా ఒంటికి వ్యాయామమే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలోనూ అంతే. మీకు నడవమని చెప్పినవాళ్లు మీరేం పని చేస్తారో అడగలేదన్నమాట. పనుల్లేని నెలల్లో, ఒంట్లో రక్తం పట్టాక నడుద్దురుగాని.

ముందు ఆ రక్తం సంగతి చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. అదే సర్వేలో 36.3 శాతం మంది బరువు ఎక్కువ. అందరికీ ఒకే సలహా ఎందుకు పనికిరాదో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఐరన్ మాత్ర నిమ్మకాయ నీళ్లతోనో, జామకాయ తినో వేసుకోండి. టీ తాగాలంటే గంట ఆగండి, అన్నం తిన్న వెంటనే కూడా వద్దు. కాల్షియం మాత్ర ఇచ్చి ఉంటే రెండూ ఒకేసారి మింగొద్దు. మలం నల్లగా వస్తే కంగారు పడొద్దు, అది మాత్ర రంగు. నులిపురుగుల మాత్ర వేసుకున్నారో లేదో, నెలసరి ఎన్ని రోజులు ఎంత ఎక్కువగా అవుతోందో అడక్కపోయినా చెప్పండి. మగ డాక్టరని సిగ్గుపడితే నర్సమ్మకి చెప్పండి. రక్తం ఇటు పోతుంటే మాత్రలు ఎన్ని మింగినా నిలవదు.

తిండి విషయంలో మీకు దూరం పోనక్కర్లేదు. వరి కోశాక మన డెల్టా పొలాల్లో వేసేది మినుము, పెసరే. ఇంటికొచ్చిన గింజల్లో కొన్ని అమ్మకుండా ఉంచుకుని వారంలో నాలుగు రోజులు పెసరపప్పు తోటకూర వండుకోండి. పచ్చడి మెతుకులతో నాట్లు వేయగలిగారంటే మీ ఓపికకి దండం పెట్టాలి, కానీ ఒళ్లు ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది?

ప్రశ్న: పదేళ్లుగా షుగరు, బీపీ. మా అపార్టుమెంటులో ఒకావిడ ఉప్పు, నూనె పూర్తిగా మానేశారు. ఇంకొకావిడ అన్నం మానేసి కొబ్బరినూనె తాగి పన్నెండు కిలోలు తగ్గారు. మా డాక్టరును అడిగితే ‘అవన్నీ వద్దు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎవరి మాట వినాలి?
— బ్యాంకు ఉద్యోగిని, మొగల్రాజపురం

జవాబు: మన ఊరు విచిత్రమైంది. కృష్ణ అవతలి ఒడ్డున కరకట్ట మీద మంతెన సత్యనారాయణరాజు గారి ఆశ్రమం ఉప్పూ నూనె లేని భోజనం పెడుతుంది. ఇదే బెజవాడ నుంచి వీరమాచనేని రామకృష్ణ గారు పిండిపదార్థాలు మాని కొవ్వు తీసుకునే పద్ధతిని ఊరూరా సభలు పెట్టి చెప్పారు. ఒకరు చుక్క నూనె వద్దంటే ఒకరు నూనెతోనే కడుపు నింపమంటారు. జనం రెండు వైపులా వెళ్లారు, రెండు వైపులా బరువు తగ్గారు.

కారణం నాకు తోచింది చెబుతాను. రెండు పద్ధతుల్లోనూ పంచదార, మైదా, చిరుతిళ్లు, రెండోసారి వడ్డించుకునే అన్నం పోతాయి. ఏడు వందల కేలరీలు పోతే ఎవరైనా తగ్గుతారు. అంతకంటే పెద్ద కారణం, అక్కడ గంటల తరబడి మాట్లాడతారు. ఏ పూట ఏం తినాలో, ఎన్ని గ్రాములో, దాహమేస్తే ఏం తాగాలో చెబుతారు. మేమేమో చీటీ మీద సంతకం పెడుతూ ‘తగ్గించండి’ అంటాం. జనం అటు నడిచారంటే తప్పు జనానిది కాదు.

అయితే మీ ప్రశ్నకు జవాబు మీ మాత్రల చీటీలో ఉంది, మీరు దాన్ని ఉత్తరంతో పంపలేదు. అందులో గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర ఉండి మీరు అన్నం మానేస్తే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది: చెమటలు, వణుకు, మాట తడబడటం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు ఉంటే ఇంకో ప్రమాదం. వాటి మీద ఉన్నవాళ్లు పిండిపదార్థం పూర్తిగా ఆపితే రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకోవచ్చు. గ్లూకోమీటర్‌లో అంకె మామూలుగానే కనిపిస్తుంది గనక ఎవరికీ అనుమానం రాదు. వాంతులు, ఆయాసం వస్తే అంకె చూసి ఊరుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్ర వాడుతూ ఉప్పు బొత్తిగా మానేస్తే సోడియం పడిపోవచ్చు, అరవై దాటినవాళ్లలో మరీను.

కాబట్టి ‘ఈ పద్ధతి మంచిదా?’ అని అడగడం మానేసి, ‘వచ్చే సోమవారం నుంచి నేను ఇది మొదలుపెడితే ఈ మాత్రల్లో ఏది తగ్గించాలి, ఏది ఆపాలి, క్రియాటినిన్ చూడాలా?’ అని అడగండి. అలా అడిగితే ఏ డాక్టరూ ఒక్క ముక్కలో తేల్చలేడు. ముఖ్యంగా చెప్పకుండా మొదలుపెట్టొద్దు. కార్తీకమాసం నక్తాలకూ, దసరా తొమ్మిది రోజుల ఉపవాసాలకూ ఇదే మాట. అమ్మవారి కొండ మెట్లెక్కుతూ కళ్లు తిరిగి పడిపోవడం భక్తి కిందికి రాదు.

ప్రశ్న: ఆరో నెల గర్భిణిని. షుగరు వచ్చిందన్నారు. అన్నం మానేసి మూడు పూటలా చపాతీ తినమన్నారు. నాకు చపాతీ సహించదు. మా అత్తగారు ఇద్దరి కోసం తినాలంటారు, మంచం దిగొద్దంటారు.
— పటమట

జవాబు: ముందు చపాతీ కేసు కొట్టేస్తున్నాను. రెండు చిన్న చపాతీల్లోనూ ఒక చిన్న కప్పు అన్నంలోనూ పిండిపదార్థం దగ్గరదగ్గరగా ఒకటే. సహించనిదాన్ని బలవంతంగా తినక్కర్లేదు. కొట్లలో షుగరు వాళ్ల బియ్యమని అమ్ముతుంటారు. మెరుగుపరచిన సాంబమసూరి అని, గ్లైసీమిక్ సూచిక 51 దగ్గరుండే రకం నిజంగానే ఉంది. మామూలు బియ్యం కంటే నయం. దాన్నైనా కొలిచే తినాలి.

75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూస్తే 140 గానీ, ఆపైన గానీ వచ్చి ఉంటుంది మీకు. ఇక నుంచి చూడాల్సినవి రెండు అంకెలు: పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు. ఎంత అన్నం తినొచ్చో ఆ రెండో అంకే చెబుతుంది. ఒకరోజు కప్పు అన్నం, గిన్నెడు కూర, పప్పు, ఒక గుడ్డు తిని చూడండి. దాటితే అన్నం తగ్గించి కూర పెంచి చూడండి. మూడు పూటల తిండిని ఆరు సార్లకు పంచుకోండి. పెసరట్టు తినండి, ఉప్మా లేకుండా. పండు తినండి, రసం వద్దు. పాలల్లో కలిపే తియ్యటి పొడులు మీకొద్దు.

మంచం దిగొద్దని చెప్పే సందర్భాలు కొన్ని ఉన్నాయి. రక్తస్రావం, మాయ కిందికి ఉండటం, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయడం వంటివి. అవేమీ లేవని మీ డాక్టరు చెబితే, ప్రతి భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు వరండాలోనైనా తిరగండి. షుగరు మీద దాని ప్రభావం మీటర్లో మీకే కనిపిస్తుంది. వచ్చే విజిట్‌కి మీ అత్తగారిని బయట కుర్చీలో కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకెళ్లండి. ఆవిడ మీ మంచికే చెబుతున్నారు. డాక్టరు నోటి నుంచి విన్నాక కాపలా ఆవిడే కాస్తారు. ప్రభుత్వ ఆసుపత్రులకు వెళ్లేవాళ్లకు ప్రతి నెలా 9వ తేదీన గర్భిణుల కోసం ప్రత్యేక పరీక్షలుంటాయి, ఈ సందేహాలన్నీ అప్పుడు అడగొచ్చు.

పురుడొచ్చాక షుగరు మామూలైపోయిందని వదిలెయ్యొద్దు. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష. అప్పటికి పథ్యం పేరుతో కారప్పొడి మెతుకులు పెడుతుంటారు, దాహమేసినా నీళ్లు తక్కువ పోస్తారు. పాలిచ్చే తల్లికి అప్పుడే ఎక్కువ తిండి, ఎక్కువ నీళ్లు కావాలి. ఆ సంగతి కూడా మీ అత్తగారి ఎదుటే అడిగేయండి.

ప్రశ్న: అజిత్‌సింగ్ నగర్‌లో మూడో అంతస్తు. మోకాళ్ల నొప్పులు. వీధిలో కుక్కలు, ఏడు దాటితే ఎండ. ఎక్కడ నడవమంటారు?

జవాబు: సత్యనారాయణపురం బీఆర్‌టీఎస్ రోడ్డు మీకు దగ్గరే, పొద్దున్నే నడిచే ఆడవాళ్లు గుంపులుగా కనిపిస్తారు. లబ్బీపేట వైపు వెళ్లగలిగితే ఇందిరాగాంధీ స్టేడియం. మే నెలలో ఇవేవీ వద్దు, ఇంట్లోనే నడవండి. మోకాళ్లకు నడక ఒక్కటే సరిపోదు, తొడ కండరం గట్టిపడాలి. కుర్చీలో కూర్చుని చేతుల ఆసరా లేకుండా లేవడం, పదేసి సార్లు, వారానికి కనీసం రెండు రోజులు. వారం మొత్తం మీద 150 నిమిషాల నడక అవ్వాలి, ఒక్క ఊపున కాకపోయినా. అరగంట నడకలో ఖర్చయ్యేది రెండు మూడు ఇడ్లీల పాటి. నడక ముగించి టిఫిన్ సెంటర్లో నేతి ఇడ్లీ తినే బృందంలో మాత్రం చేరకండి!

ప్రశ్న: పామర్రు వైపు ఏఎన్ఎంని. బీపీ, షుగరు చూసే రోజున ముప్పై నలభై మంది ఆడవాళ్లు వస్తారు. ‘ఉప్పు తగ్గించండి, నడవండి’ అని అందరికీ చెబుతాను. ఎవరూ చెయ్యరు. రెండు నిమిషాల్లో అంతకంటే ఏం చెప్పగలం?

జవాబు: చెప్పడం కాస్త తగ్గించి అడగండి. ‘ఉప్పు తగ్గించండి’ అంటే వంటలో తగ్గించమన్నారనుకుని, కూర చప్పగా చేసి పక్కన ఆవకాయ రెట్టింపు వేసుకుంటారు. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా ఉప్పు చాలంటారు. మన డెల్టాలో ఊరగాయ, ఎండుచేప, మజ్జిగ మిరపకాయ, వడియాలు కలిస్తే ఆ చెంచా మధ్యాహ్నానికే అయిపోతుంది. ‘ఆవకాయ ఎన్ని పూటలు?’ అని అడగండి. ‘రెండు పూటలా’ అంటుంది. ‘రాత్రికి మానగలవా?’ అంటే, ‘ముక్క లేందే ముద్ద దిగదమ్మా’ అంటుంది. ‘పోనీ సగం ముక్క?’ అంటే నవ్వి సరే అంటుంది. అంతే, ఆ నెలకి అది చాలు. కార్డు వెనక ‘రాత్రి సగం ముక్క’ అని రాసి తేదీ వెయ్యండి. వచ్చేసారి బీపీ కొలవకముందే దాని గురించే అడగండి, కొత్తది చెప్పకండి. ఒప్పుకున్నది చేసి ఉంటేనే ఇంకొకటి.

బరువు చూసేటప్పుడు అంకె పైకి చదవకండి. క్యూలో పదిమంది ముందు ‘అబ్బో, ఎనభై!’ అనిపించుకున్న మనిషి మళ్లీ రాదు. భర్తో, కొడుకో పక్కనుండి ఆమె బదులు జవాబు చెబుతుంటే మర్యాదగా ఆపి ఆమెనే అడగండి. అయితే నూనె, చేపలు, బిస్కెట్లు తెచ్చేది అతనైతే చివర్లో అతనికీ ఒక మాట చెప్పండి. ఆమె చేతిలో లేనిదాన్ని ఆమెను మార్చమని పంపడం వల్ల మీ శ్రమే దండగ.

మీది చిన్న పనేమీ కాదు. కొమర్రాజు అచ్చమాంబ గారు 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారని చాలామందికి తెలుసు. అంతకుముందు ఆవిడ ఇక్కడే పేరున్న డాక్టరు. ప్రసూతి గురించీ శిశుపోషణ గురించీ ఇంట్లో ఆడవాళ్లు చదువుకునేలా తెలుగులో పుస్తకం రాశారు. ఆస్పత్రి గదిలో చెప్పే మాట ఇంటి దాకా వెళ్లాలన్న ఆలోచన ఈ ప్రాంతంలో కొత్తది కాదు.

మొదటి నెల ఆ నలభై మందిలో ఇద్దరో ముగ్గురో మాట నిలుపుకుని వస్తారు. వాళ్ల కార్డులు మీరు అందరికీ ఎత్తి చూపించకండి. క్యూలో కూర్చున్నంతసేపూ వాళ్లే చెప్పుకుంటారు.